శాంతా సిన్హా: బాలల రక్షణను బడి గడపకు చేర్చిన కృషి

శాంతా సిన్హా (జననం: 1950 జనవరి 7, నెల్లూరు) రాజనీతిశాస్త్ర ఆచార్యురాలు, బాలల హక్కుల కార్యకర్త, జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలు. పద్మశ్రీ, 2003లో సామాజిక నాయకత్వానికి ఇచ్చిన రామన్ మెగసెసె పురస్కారం ఆమెకు దక్కిన గుర్తింపుల్లో ముఖ్యమైనవి. పురస్కారాల సంగతి అలా ఉంచి ఆమె పనిని మొదటి నుంచీ వరసగా చూస్తే, రంగారెడ్డి జిల్లా పల్లెపిల్లల కోసం పెట్టిన శిబిరాల వెనకా, ఢిల్లీలో నడిపిన కమిషన్ వెనకా ఒకటే వాదన కనిపిస్తుంది. పిల్లలు పనికి పోవడానికి తల్లిదండ్రుల పేదరికమే కారణమనడం ప్రభుత్వాలకు సుఖమైన సమాధానం. బడి పెట్టే నిబంధనలు, బడి అడిగే కాగితాలు, బడికి అలవాటైన నిర్లక్ష్యం కూడా పిల్లల్ని పనిలోకి నెడుతున్నాయనీ, వీటిని మార్చడం పేదరికం పోయేదాకా ఆగక్కర్లేని పని అనీ ఆమె అన్నారు. బాలల రక్షణను దానధర్మాల పద్దులోంచి తీసి పాలనా బాధ్యతగా నిలబెట్టడమే ఆమె కృషిలో అసలు సారమని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1972లో ఎం.ఏ. చేసి, ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం నుంచి 1976లో డాక్టరేట్ పొందిన శాంతా సిన్హా, తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లోని మావోయిస్టుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. భూమికీ కూలికీ అధికారానికీ ఉన్న లంకె ఆమెకు పుస్తకాల ద్వారా ముందే పరిచయమన్నమాట. శ్రామిక విద్యాపీఠం బాధ్యతలు చూస్తున్న కాలంలో ఆ లంకెను పల్లెల్లో నేరుగా చూశారు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆసరాగా వెట్టి కూలీలను కూడగడుతుంటే, విడిపించవలసిన వాళ్లలో చాలామంది పిల్లలని తేలింది. అప్పు తండ్రిది, జీతం కొడుకుది. పటేలు ఇంట్లో పశువులు కాసే పిల్లవాడు ఏ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకూ కనపడడు, ఏ బడి రిజిస్టరులోనూ ఉండడు. ఆమె తాతగారు, ఆంధ్రలో స్వాతంత్ర్య పోరాట చరిత్ర సంపుటాలకు సంపాదకత్వం వహించిన మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ మొదట్లో పరిశోధనా సంస్థ. 1991 ప్రాంతంలో అది బాలకార్మికుల విముక్తి వైపు మళ్లింది. తర్వాతి కథంతా ఈ మలుపు నుంచే మొదలైంది.

ఆ రోజుల్లో ప్రభుత్వ విధానం ఎలా ఉండేదో తెలిస్తే తప్ప ఈ మలుపు విలువ అర్థం కాదు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్లలో, అంటే 1960 నాటికి, పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందాలని 45వ అధికరణం కోరింది. గడువు దాటి మూడు దశాబ్దాలైనా అడిగినవాళ్లు లేరు. 1979లో వేసిన గురుపాదస్వామి కమిటీ, పేదరికం ఉన్నంతకాలం బాలల పనిని పూర్తిగా రద్దు చేయడం కుదరదనీ, ప్రమాదకరమైన పనుల్లో నిషేధించి మిగతా చోట్ల నియంత్రిస్తే చాలనీ చెప్పింది. 1986 బాలకార్మిక చట్టం ఆ దారినే నడిచింది. అగ్గిపెట్టెల తయారీ, తివాచీల నేత నిషేధం కిందికి వచ్చాయి గానీ, దేశంలో ఎక్కువమంది పిల్లలు చేసే పొలం పని నిషేధానికి బయటే మిగిలింది. పనిలో ఉన్న పిల్లల చదువు కోసం సాయంత్రం పూట అనియత విద్యా కేంద్రాలు పెట్టారు. పగలంతా కలుపు తీసి వచ్చిన పిల్ల రాత్రి లాంతరు ముందు కూర్చుని రెండు గంటలు అక్షరాలు దిద్దాలి. ఉద్యోగుల పిల్లలకు ఒక రకం చదువు, కూలీల పిల్లలకు ఇంకో రకం చదువు ఉండటం సహజమేనన్న నమ్మకం ఈ ఏర్పాటులో ఉంది. భారత విధానాలను పరిశీలించిన అమెరికన్ రాజనీతిశాస్త్రవేత్త మైరన్ వీనర్ 1991లో అచ్చయిన తన గ్రంథంలో ఇదే మాట గట్టిగా చెప్పారు: దేశం తన పిల్లల్ని బడికి పంపలేకపోవడానికి ఆదాయం తక్కువ కావడం కంటే, అధికారుల్లో, మధ్యతరగతిలో పాతుకుపోయిన ఈ నమ్మకాలే ఎక్కువ కారణమని ఆయన తేల్చారు.

ఎం.వి. ఫౌండేషన్ ఈ రెండు దారుల ఆలోచనను మొదలంటా కాదంది. పూర్తికాలపు పగటి బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుల కిందే లెక్కించాలని సూత్రం పెట్టుకుంది. చెల్లెల్ని ఎత్తుకుని ఇంటి దగ్గర ఉండిపోయిన పిల్ల, కట్టెలు ఏరుకొచ్చే పిల్ల, మేకలు తోలుకుపోయే పిల్లవాడు, కూలి డబ్బు కళ్లచూడని వాళ్లు కూడా ఈ లెక్కలోకి వచ్చారు. పని ఏదైనా బిడ్డ ఎదుగుదలకు హానే కాబట్టి ప్రమాదకరం, ప్రమాదరహితం అన్న విభజన చెల్లదు. నియంత్రణ కాదు, రద్దే కావాలి. బాలల పనిని సమర్థించే ఏ వాదననూ అంగీకరించకూడదు. ఈ సూత్రాల మీద బేరసారాలు ఉండవని సంస్థ ప్రకటించుకుంది. పైకి మొండిగా కనిపించే ఈ నిర్వచనం ఆచరణలో పనిని తేలిక చేసింది. ప్రమాదకరమైన పనిలో ఉన్న పిల్లల్ని వెతకాలంటే ఇన్‌స్పెక్టర్లు కావాలి, సాక్ష్యాలు కావాలి, కోర్టు కావాలి. బడిలో లేని పిల్లల్ని వెతకడానికి ఊరి జనాభా పట్టీ, బడి హాజరు పట్టీ పక్కపక్కన పెట్టుకుంటే చాలు. 1991 జనగణన ప్రకారం దేశంలోని సుమారు 1.13 కోట్ల బాలకార్మికుల్లో 16.6 లక్షల మంది ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు. అన్ని రాష్ట్రాల్లోకీ అదే పెద్ద అంకె. ఫౌండేషన్ నిర్వచనంతో లెక్కిస్తే అది ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అయినా భయపడాల్సిన పని లేదన్నారు శాంతా సిన్హా. సమస్య పెద్దదైనా పరిష్కారం చేతికందే చోటే ఉంది, ప్రతి ఊళ్లోనూ ఒక బడి ఉంది.

అయితే పదకొండేళ్ల పిల్లను పొలం నుంచి తెచ్చి ఒకటో తరగతిలో ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే వారం తిరగకుండా మళ్లీ పొలంలోనే తేలుతుంది. ఈ చిక్కుకు విరుగుడుగా వచ్చినవే బ్రిడ్జి కోర్సు శిబిరాలు. పని మాన్పించిన పిల్లలు కొన్ని నెలల పాటు అక్కడే ఉండి, తిని, ఆడి, చదువుకుని, తమ వయసుకు తగిన తరగతిలో చేరే స్థాయికి వస్తారు. తర్వాత మామూలు ప్రభుత్వ బడిలోకి, అవసరమైతే సాంఘిక సంక్షేమ వసతి గృహంలోకి వెళ్తారు. పాటలు, కథలు, తెలిసిన ఊళ్ల పేర్లు, లెక్క తెలియకుండానే చేసే కూలి లెక్కలు అక్కడ పాఠాలయ్యాయి. పెద్ద పిల్లలు అక్షరాలు త్వరగా పట్టుకుంటారన్నది శిబిరాలు నిరూపించిన ముఖ్యమైన విషయం. చిన్నపిల్లలు అయిదేళ్లలో నేర్చేదాన్ని పన్నెండేళ్ల వాళ్లు నెలల్లో అందుకోగలిగితే, వయసు మీరిందన్న సాకుతో బడి వాళ్లను వెనక్కి పంపడానికి ఆధారం లేదు. శిబిరం ఎప్పుడూ బడికి ప్రత్యామ్నాయం కాదు, బడిలోకి దారి మాత్రమే. అనియత విద్యా కేంద్రానికీ దీనికీ తేడా అక్కడే ఉంది: అది పనిని అలాగే ఉంచి చదువును అతుకు వేసింది, ఇది పనిని తెంచేసి చదువును మొదలుపెట్టింది.

శిబిరాల కంటే కష్టమైన పని ఊళ్లో జరిగేది. ఆ ఊరి యువకులే, చాలామంది తమ ఇళ్లలో మొదటి తరం చదువరులే, ఇంటింటికీ తిరిగి పిల్లల జాబితా రాసేవారు. బాలల హక్కుల పరిరక్షణ వేదికలు ఏర్పడ్డాయి. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాలకార్మిక విమోచన వేదికగా కూడారు. బడి పంతులు ఊరివాళ్ల మీద ఫిర్యాదు చేయడం మానేసి తానే ప్రచారకుడు కావడం అప్పటికి కొత్త సంగతి. పిల్లల్ని జీతానికి పెట్టుకున్న ఆసాములను దోషులుగా నిలబెట్టకుండా, పిల్లవాణ్ని వదిలిపెట్టిన ఆసామిని ఊరి సభలో మెచ్చుకుని తమ వైపు తిప్పుకోవడం ఫౌండేషన్ పద్ధతి. వెట్టి గురించి అంత తెలిసిన మనిషి ఇంత మెతక పద్ధతి ఎంచుకోవడం కొందరికి నచ్చలేదు. కూలీలకూ భూస్వాములకూ మధ్య ఉన్న వైరాన్ని ఇది కప్పిపుచ్చుతోందన్న విమర్శలో కొంత నిజముంది. కానీ ఊళ్లో ప్రతి బిడ్డా బడికి పోవాలన్న కట్టుబాటు ఒకసారి నిలబడ్డాక, పిల్లల చౌక కూలి మీద నడిచే ఏర్పాటు దానంతట అదే బలహీనపడుతుంది. వైరం తీరలేదు, దాని పందెంలోంచి పిల్లల్ని తప్పించారు.

అందరూ అడిగే మొదటి ప్రశ్న పేదరికం గురించే: పిల్ల తెచ్చే నాలుగు రూపాయలు ఆగిపోతే ఆ ఇల్లు ఎలా గడుస్తుంది? ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. ఆర్థికవేత్తలు కౌశిక్ బసు, ఫామ్ హోంగ్ వాన్ 1998లో రాసిన ప్రసిద్ధ పత్రం, పెద్దల సంపాదన బతుకుతెరువుకు చాలనప్పుడే తల్లిదండ్రులు పిల్లల్ని పనికి పంపుతారన్న ఊహతోనే మొదలవుతుంది. అయితే దాని ముగింపు ఈ ప్రశ్నను అడిగేవాళ్లకు అంత అనుకూలం కాదు. పిల్లలందరూ ఒకేసారి కూలి మార్కెట్ నుంచి తప్పుకుంటే పెద్దల కూలి పెరిగి, ఆ పెరిగిన కూలితో పిల్లల్ని పంపాల్సిన అవసరమే పోయే పరిస్థితి ఉండవచ్చని వాళ్లు చూపించారు. ఒక్క ఇల్లు తప్పుకుంటే నష్టపోతుంది, ఊరంతా తప్పుకుంటే నష్టం తగ్గుతుంది. ఫౌండేషన్ ఇంటింటి పథకాలు పెట్టకుండా ఊరుమ్మడి కట్టుబాటు మీద పట్టుబట్టడానికి ఇంతకంటే మంచి సమర్థన దొరకదు. 1999లో వెలువడిన ప్రాథమిక విద్యా సర్వే ‘ప్రోబ్’ నివేదిక కోసం బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హిమాచల్‌లలో తల్లిదండ్రులను అడిగితే, మగపిల్లలకు చదువు ముఖ్యమని 98 శాతం, ఆడపిల్లలకూ ముఖ్యమని 89 శాతం చెప్పారు. పేదలకు చదువు పట్టదన్న మాట అక్కడితో చెల్లిపోయింది. ఇన్ని చెప్పుకున్నాక కూడా పేదరికానికి పాత్రే లేదనడం అతి అవుతుంది. వసతి గృహంలో చోటు, బడిలో మధ్యాహ్న భోజనం లేకుండా ఎందరో పిల్లలు నిలబడేవారు కాదు. పేదరికం పిల్లను బడికి రాకుండా ఆపే గోడ కాదు గానీ, వచ్చిన పిల్ల కాళ్ల కింద జారే నేల. కరువు ఏడాదిలో, ఇంట్లో జబ్బు చేసిన ఏడాదిలో ఆ తేడా తెలుస్తుంది.

సీడు పత్తి పొలాల్లో ఈ వాదనకు అసలు పరీక్ష ఎదురైంది. హైబ్రిడ్ పత్తి విత్తనం కావాలంటే సాయంత్రం పూట విచ్చబోయే మొగ్గ నుంచి కేసరాలను వేళ్లతో తీసేసి, మర్నాడు పొద్దున ఇంకో రకం పువ్వు పుప్పొడి దానికి అద్దాలి. క్రాసింగ్ అని పిలిచే ఈ పని ఒక్కో పువ్వుకీ విడిగా, నెలల తరబడి చేయాలి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దీన్ని ఎక్కువగా ఆడపిల్లల చేత చేయించారు. చిన్న వేళ్లు సున్నితంగా పనిచేస్తాయన్నది పైకి చెప్పిన కారణం. కూలి తక్కువ, ఎదురు మాట్లాడరు అన్నది లోపలి కారణం. సీజనుకు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చేవారు కాబట్టి పిల్ల మధ్యలో మానడానికి వీలుండేది కాదు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాలు ఈ గొలుసును పైదాకా లాగి చూపించాయి: రైతు పైన ఆర్గనైజరు, ఆర్గనైజరు పైన దేశీ, విదేశీ విత్తన కంపెనీ. కంపెనీ ఇచ్చే కొనుగోలు ధరలో పెద్దల కూలి గిట్టుబాటు కాకపోతే, రైతును దోషిని చేసి ప్రయోజనం లేదు. కాబట్టి ఊళ్లో ఫౌండేషన్ పిల్లల్ని బడిలో చేర్పిస్తుండగా, స్వచ్ఛంద సంస్థలు యూరప్‌లో కంపెనీల మీద ఒత్తిడి తెచ్చాయి. పిల్లల్ని పెట్టుకోని రైతుకు అదనపు ధర, పెట్టుకున్న రైతుకు కోత అన్న ఏర్పాటుకు కొన్ని కంపెనీలు ఒప్పుకున్నాయి. దీంతో ఆ పంట నుంచి పిల్లలు పూర్తిగా తప్పుకున్నారని చెప్పలేం. సాగు కొంత గుజరాత్ వైపు, ఇతర చోట్లకు విస్తరించింది, పిల్లల వలస కూడా దాని వెంట పోయింది. ఊరుమ్మడి కట్టుబాటు ఊరి పొలిమేర దాటదన్న పరిమితి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. శాంతా సిన్హా కృషి ఊరి నుంచి చట్టం వైపు జరగడానికి ఇది ఒక్కటే కారణం కాకపోయినా, బలమైన కారణాల్లో ఒకటి.

రెండో అభ్యంతరం పిల్లల పక్షాన మాట్లాడేవాళ్ల నుంచే వచ్చింది. బెంగళూరులో పనిచేసే పిల్లల సంఘమైన భీమ సంఘ, దానికి అండగా నిలిచిన సంస్థ, పని చేస్తున్న పిల్లల మాట వినకుండా వాళ్ల పనిని నిషేధించడం వాళ్లను మరింత చీకట్లోకి నెడుతుందన్నాయి. దీనికి బంగ్లాదేశ్ ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో, బాలల చేత చేయించిన సరుకు దిగుమతిని నిషేధించే బిల్లు అమెరికా కాంగ్రెస్ ముందుకు రాగానే అక్కడి దుస్తుల ఫ్యాక్టరీలు వేలాది పిల్లల్ని ఒక్కసారిగా పంపేశాయి. బడికి పోయిన వాళ్లు కొద్దిమంది. చాలామంది రాళ్లు కొట్టే పని లాంటి మరింత కష్టమైన పనుల్లో చిక్కుకున్నారు. పిల్లలకు బడిలో చోటు చూపించాకే పనిలోంచి తీయాలన్న ఒప్పందం 1995లో గానీ కుదరలేదు. నిజానికి ఈ ఉదాహరణ ఫౌండేషన్ పద్ధతికి వ్యతిరేకం కాదు. తలుపు మూయడానికీ దారి చూపడానికీ ఉన్న తేడాను చెప్పి దాన్ని సమర్థిస్తుంది. పిల్లల మాట వినాలన్నది ఒప్పుకోవలసిన మాటే. కానీ ముందున్న రెండు దారుల్లో ఒకటి మూసేసి, మిగిలిన దాన్ని పిల్ల ఎంచుకుందనడం న్యాయం కాదు.

కులవృత్తుల నైపుణ్యం పోతుందన్న మూడో అభ్యంతరం మీద ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. మగ్గం పని పద్నాలుగేళ్ల తర్వాత కూడా నేర్చుకోవచ్చు. ఆ నైపుణ్యం పోతుందని బెంగపడేవాళ్లు తమ పిల్లల్ని మగ్గం గుంటలో దించరు. ప్రభుత్వ బడిలో చదువే చెప్పనప్పుడు అక్కడ చేర్చి ఏం లాభమన్న ప్రశ్న మాత్రం గట్టిది. పిల్లలొస్తేనే బడి మీద ఒత్తిడి పెరుగుతుంది, ఖాళీ తరగతి గదులకు ఏ ప్రభుత్వమూ టీచర్లను వేయదన్నది ఫౌండేషన్ సమాధానం. ఊరివాళ్లే చందా వేసుకుని అదనపు వాలంటీరు టీచర్ని పెట్టుకున్న చోట్ల ఆ సమాధానం నిలబడింది. మిగతా చోట్ల పిల్లల వెనక చదువు రాలేదు. స్తోమత ఉన్న తల్లిదండ్రులు ప్రైవేటు బడుల వైపు వెళ్లిపోయారు. పేదల పిల్లలు మాత్రమే మిగిలిన బడిని అడిగే గొంతు ఊళ్లో తగ్గిపోయింది. ఈ పరిణామాన్ని 1990ల నాటి వాదన ముందుగా లెక్కలోకి తీసుకోలేదు.

2005 చట్టం కింద ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2007 మార్చిలో పని మొదలుపెట్టినప్పుడు శాంతా సిన్హా తొలి అధ్యక్షురాలయ్యారు; రెండు విడతలుగా 2013 దాకా ఆ పదవిలో ఉన్నారు. అప్పటికి చట్టాల పరిస్థితి మారుతోంది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు 1993లోనే పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కని చెప్పింది. 2002లో 86వ సవరణ 21ఎ అధికరణాన్ని చేర్చింది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఈ చట్టంలో పత్రికలు ఎక్కువగా రాసింది ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్ల గురించి. పనిలోంచి వచ్చిన పిల్లకు ముఖ్యమైనవి వేరే సెక్షన్లు. నాలుగో సెక్షన్ ప్రకారం ఆమెను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, మిగతావారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, పద్నాలుగేళ్లు దాటినా ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా చదివించాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో అయిదో సెక్షన్, వయసు రుజువు లేదన్న కారణంతో పద్నాలుగో సెక్షన్, ప్రవేశాల గడువు దాటిందన్న కారణంతో పదిహేనో సెక్షన్ ఆమెను వెనక్కి పంపనివ్వవు. వీటన్నింటినీ ఒక్కరే రాయించారనడం సరికాదు, ఎందరో పండితులు, ఉద్యమాలు ఆ చట్టం వెనక ఉన్నాయి. అయినా ఆ సెక్షన్లు మూసిన సందులు, రంగారెడ్డి పల్లెల్లో కార్యకర్తలు హెడ్‌మాస్టర్లతో రోజూ వాదించిన సందులే. చట్టం అమలును గమనించే బాధ్యతను 31వ సెక్షన్ ఈ కమిషన్‌కే అప్పగించింది.

కమిషన్‌కు విచారణలో సివిల్ కోర్టు అధికారాలున్నా, తేల్చిన తర్వాత చేయగలిగింది సిఫారసు మాత్రమే. ప్రభుత్వాలు వినకపోతే కోర్టుకు వెళ్లాలి. ఆ పరిమితిలోనే అది బహిరంగ విచారణలను ఆయుధం చేసుకుంది. బడిలో దండన మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2007 డిసెంబరులో కమిషన్ బృందం దంతేవాడ, ఖమ్మం జిల్లాలకు వెళ్లడం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం హింస నుంచి పారిపోయి వచ్చిన ఆదివాసీ కుటుంబాలు ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకుని ఉన్నాయి. వాళ్ల పిల్లలకు అప్పట్లో తెలుగు వచ్చేది కాదు, రేషన్ కార్డు ఉండేది కాదు, ఏ రాష్ట్రమూ వాళ్లను తమవాళ్లుగా లెక్కించలేదు. సాయుధ ఘర్షణలో బడి భవనాల్లో బలగాల మకాం ఉండకూడదనీ, ఎవరు ఎవరి పక్షమన్నది చూడకుండా పిల్లలకు చదువు, ఆరోగ్యం అందాలనీ కమిషన్ పట్టుబట్టింది. మావోయిస్టుల మీద పుస్తకం రాసిన పరిశోధకురాలు పక్షాల ప్రస్తావన లేకుండా బడి గురించి మాత్రమే మాట్లాడటం కొందరికి తప్పించుకోవడంలా అనిపించవచ్చు. కానీ యుద్ధం మధ్యలో పిల్లల కోసం ఏదైనా సాధించాలంటే రెండు పక్షాలూ వినగలిగిన భాష అదే.

ఫలితాన్ని అంకెల్లో చూడబోతే జాగ్రత్త అవసరం. 1991కీ 2001కీ మధ్య జనగణనలో దేశంలోని బాలకార్మికుల సంఖ్య 1.13 కోట్ల నుంచి 1.27 కోట్లకు పెరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 16.6 లక్షల నుంచి 13.6 లక్షలకు తగ్గింది. ఆ దశకంలో రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమాలు, వసతి గృహాల విస్తరణ, సాగులో మార్పులు కూడా ఉన్నాయి కాబట్టి ఈ తగ్గుదలను ఒక్క సంస్థ ఖాతాలో వేయలేం. దేశం మొత్తం అంకె వెళ్తున్న దిశకు ఎదురుగా ఒక రాష్ట్రం వెళ్లగలిగిందన్నది మాత్రం, ఆదాయం పెరిగేదాకా ఆగాలన్న వాదనకు గట్టి ఎదురు సాక్ష్యం. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు అన్ని పనుల్లోనూ నిషేధం విధించారు. అది ఫౌండేషన్ పాతికేళ్లుగా అడిగినదే. కానీ అదే సవరణ బడి వేళల తర్వాత, సెలవుల్లో కుటుంబ వృత్తుల్లో సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఇంటి ముసుగులో జరిగే పని ఎప్పుడూ లెక్కకు రాదని తెలిసినవాళ్లు దీన్ని వెనకడుగుగానే చూశారు, శాంతా సిన్హా కూడా. మరుసటి ఏడాది మధ్యాహ్న భోజనానికి ఆధార్ తప్పనిసరి చేయడంపై సుప్రీంకోర్టులో పిటిషన్ వేసిన వారిలో ఆమె ఉన్నారు. టీసీ, వయసు రుజువు లాగే ఇది కూడా బిడ్డకూ బడికీ మధ్య నిలిచే కాగితమే. ఆధార్ లేదన్న కారణంతో పిల్లలకు ప్రయోజనాలు నిరాకరించరాదని, బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరు తీర్పులో కోర్టు చెప్పింది.

ఈ వాదన ఇంకా పూర్తిగా చేరుకోని చోటు హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీలు. బలాంగీర్, నువాపడా లాంటి పశ్చిమ ఒడిశా జిల్లాల నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చే కుటుంబాలు వానలు తగ్గాక దిగి, మళ్లీ వానాకాలం ముందర తిరిగి వెళ్తాయి. పిల్లల పేర్లు స్వగ్రామంలో బడి పట్టీలో ఉంటాయి, పిల్లలు బట్టీ దగ్గర ఉంటారు. పక్క ఊరి బడిలో చేర్చుకోమంటే చట్టం ఒప్పుకుంటుంది, పాఠం తెలుగులో ఉంటుంది. కొన్ని బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే తాత్కాలిక బడులు నడిచాయి, యజమాని దయ మీదా, జిల్లా అధికారి శ్రద్ధ మీదా ఆధారపడి. ఊరి జనాభా పట్టీనీ బడి పట్టీనీ పక్కపక్కన పెట్టే పద్ధతి ఊరు మారని పిల్లలకు సరిపోయింది. ఏడాదికి రెండుసార్లు ఊరు మారే పిల్లకు రెండు రాష్ట్రాల పట్టీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అందుకు కావలసిన అధికారం చట్టంలో ఉంది, ఆ పని ఫలానా శాఖదని మాత్రం ఎక్కడా రాసి లేదు.